చుట్టాలకే చుట్లు

నీళ్ళన్న ప్రతి ఉదయం చుట్లు నోటితోనే లెక్కపెట్టేవాడు.

వెలుతురు పడగానే రోడ్డు పక్కన ఇనుప మూత ఎత్తి, నడుమెత్తు తాళాన్ని వాల్వు గుంటలోకి దించేవాడు. తాళం అంటే తలుపు తాళం కాదు, పైన అడ్డకమ్మీ ఉన్న పొడవాటి ఇనుపకడ్డీ. ఆ కమ్మీని రెండు చేతులా పట్టుకుని తిప్పుతూ, ఒకటి, రెండు, మూడు అని పక్కింటివాళ్ళకు వినపడేలా పైకే అనేవాడు. పై వీధి వాల్వుకి పద్దెనిమిది చుట్లు. ముప్పావుగంట నీళ్ళు వదిలి, మళ్ళీ పద్దెనిమిది చుట్లూ వెనక్కి తిప్పి కట్టేసి, తాళం భుజాన వేసుకుని కింది వీధి గుంట దగ్గరికి నడిచేవాడు. అక్కడ పదకొండు చుట్లు. అదీ ముప్పావుగంటే. పదకొండో చుట్టు పూర్తయ్యాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అందరికీ అందనీ స్వామీ, అనుకునేవాడు. అంతకంటే పెద్ద ప్రార్థన ఆయనకు రాదు. దేవుడికి అంతకంటే పెద్దది కావాలని కూడా ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

లెక్క పైకి అనే అలవాటు, పని నేర్పిన ముసలాయన పెట్టింది. మనసులో లెక్కపెడితే మనసు ఎటో పోతుంది, నోటితో లెక్కపెడితే చెవి కాపలా కాస్తుంది అనేవాడు ఆ పెద్దాయన. ఇరవై రెండేళ్ళలో ఆ లెక్క ఒక్కనాడూ తప్పలేదు. అదే లెక్క ఒకరోజు తన మెడకు చుట్టుకుంటుందని నీళ్ళన్న కలలోనైనా అనుకోలేదు.

ఆయన నోట్లో నాలుక లేని మనిషి అని వీధిలో పేరు. నిజానికి నాలుక ఉంది, దాన్ని రోజూ పద్దెనిమిదీ పదకొండూ అనడానికే వాడేవాడు. మిగతా మాటలు భార్యకు వదిలేశాడు. అందుకు ఆవిడకు ఏ ఫిర్యాదూ లేదు.

పద్దెనిమిది ఎందుకు, పదకొండు ఎందుకు అని ఎవరైనా అడిగి ఉంటే ఆయన రెండు ముక్కల్లో చెప్పేవాడు. పై వీధి వాల్వు పాతకాలంది. దాని మరలు సన్నం. లోపలి పలక పూర్తిగా పైకి లేవాలంటే పద్దెనిమిది సార్లు తిప్పాలి. కింది వీధి వాల్వు తొమ్మిదేళ్ళ కిందట పాడైతే కొత్తది వేశారు. దాని మరలు వెడల్పు. పదకొండు చుట్లకే పలక మొత్తం లేచిపోతుంది. రెండు చోట్లా తలుపు బార్లా తెరుచుకున్నట్టే. కానీ ఎవరూ అడగలేదు. అడగని సంగతి ఎవరు చెబుతారు?

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ట్యాంకులో నీళ్ళు సగానికి దిగాయి. పైగా వార్డు ఎన్నిక రెండు నెలల్లో ఉంది. పై వీధి నుంచి మందుల షాపాయన, కింది వీధి నుంచి టైర్ల షాపాయన నిలబడ్డారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. పక్కింట్లో ఎవరికో నొప్పులొస్తే వానలో తన వ్యాను తీసి ఆసుపత్రికి చేర్చింది టైర్ల షాపాయనే. చేతిలో లేనివాళ్ళకు మాత్రలు ఊరికే ఇచ్చి, ఇచ్చినట్టు ఎవరికీ చెప్పని మనిషి మందుల షాపాయన. విడివిడిగా అంత మంచి మనుషులు. సెలూన్ బల్ల మీద నలుగురి మధ్య కూర్చున్నప్పుడు మాత్రం ఇద్దరూ తమ వీధి కళ్ళద్దాలు పెట్టుకునేవారు.

టైర్ల షాపాయనకు ఉదయం నడక అలవాటు. ఒకరోజు పై వీధి గుంట దగ్గర పద్దెనిమిది వరకూ విన్నాడు. ఆ నడకలోనే ఇల్లు చేరేసరికి కింది వీధి గుంట దగ్గర పదకొండు విన్నాడు. అనుమానమొచ్చి మర్నాడు కావాలని విన్నాడు. మూడోరోజు ఇద్దరిని వెంట తీసుకెళ్ళి వినిపించాడు. అదే పద్దెనిమిది, అదే పదకొండు. నాలుగోరోజు సెలూన్‌లో, సబ్బు నురగ పూసిన మొహంతోనే లెక్క విప్పాడు. రోజుకి ఏడు చుట్లు తక్కువ. నెలకి రెండువందల పది. ఏడాదికి రెండువేల అయిదువందల పైచిలుకు చుట్ల నీళ్ళు మన వీధికి రావలసినవి, పై వీధికి పోతున్నాయి. విన్నవాళ్ళందరికీ గొంతు ఎండిపోయింది. చుట్లను లీటర్లలాగా కూడవచ్చా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. అంకె అంత పెద్దదయ్యాక అది దేని అంకె అని ఎవరు అడుగుతారు?

నీళ్ళన్న ఇల్లు పై వీధిలో ఉందన్న సంగతి అప్పుడు ఎవరో గుర్తుచేశారు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ తెలిసిన సంగతే ఆ రోజు కొత్త సాక్ష్యమైంది. సాయంత్రానికి కింది వీధి మలుపు గోడ మీద బొగ్గుతో రాత వెలిసింది: చుట్టాలకే చుట్లు.

ఎంత చక్కగా అతికింది ఆ మాట. ఎవరి నోట్లో పెట్టినా చక్కెరలా కరిగింది. నాలుగు రోజుల్లో బకెట్లు దించుకుంటూ, బట్టలు ఆరేస్తూ, బస్సు కోసం నిలబడి అందరూ అదే మాట. ప్రాస కుదిరేసరికి నిజం కూడా కుదిరినట్టే ఉంది వాళ్ళకు.

మందుల షాపాయన ఊరుకుంటాడా? ఆయన దగ్గర వేరే లెక్క ఉంది. మనకి పద్దెనిమిది చుట్లు తిప్పితే గానీ నీళ్ళు రావు, వాళ్ళకి పదకొండు చుట్లకే ధారగా దిగుతున్నాయి, ఇందులో ఏదో కిటుకు ఉంది అన్నాడు. కింది వీధి చివరి ఇల్లు ఎవరిది అని అడిగి, తనే జవాబు చెప్పాడు: నీళ్ళన్న సొంత అక్కది. వారం తిరక్కుండా పై వీధి గోడ మీద కూడా అదే రాత, అవే రెండు మాటలు. రెండు వీధులూ ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేస్తూ ఒకే మాట అంటున్నాయని సెలూన్ ఆయన ఒక్కడే గమనించి నవ్వాడు. నీళ్ళన్న క్షవరానికి వచ్చే రోజు తన తలుపు మీద కూడా ఎవరో గీసిపోయిన ఆ రాతను మాత్రం ముందుగా తడిగుడ్డతో తుడిచి ఉంచేవాడు. ఆ తడి మరక నీళ్ళన్న చూశాడు. కుర్చీలో కూర్చుని, మెడ మీది గుడ్డ సవరించుకున్నాడు.

ఆ రోజే బల్ల మీదివాళ్ళు ఆయన్ని నిలదీశారు. ఆయన లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి నలుగురిలో ఉపన్యాసం లాంటిది ఇచ్చాడు. ఒక సీసా మూత ఒక తిప్పుకే ఊడుతుంది, ఇంకో సీసా మూతకి మూడు తిప్పులు కావాలి, సీసా మూతి వెడల్పు మాత్రం ఒకటే, వాల్వులూ అంతే అన్నాడు.

"మేం అడిగింది మూతల గురించా, నీళ్ళ గురించా?" అన్నాడు టైర్ల షాపాయన.

"నీళ్ళ గురించే. నీళ్ళు అందరికీ సమానంగానే వస్తున్నాయి. నాదీ పూచీ."

"సమానమైతే పద్దెనిమిదికి పద్దెనిమిది ఉండాలి గదా? ఆ ఒక్క ముక్క చెప్పు."

నీళ్ళన్నకు మళ్ళీ సీసాల దగ్గర నుంచి మొదలుపెట్టాలనిపించింది. మొదలుపెట్టి ఏం లాభమో తెలియలేదు. నోరు తెరిచి మూశాడు.

"చూడండి, నీళ్ళు వదిలే మనిషి నీళ్ళు నములుతున్నాడు," అన్నారు బల్ల చివరి నుంచి. సెలూన్ అంతా నవ్వింది. నవ్విన తర్వాత ఇక వాదం అక్కర్లేకపోయింది.

అప్పటి నుంచి ఆయన ఏం చేసినా అది ఏదో ఒకదానికి రుజువైంది. చుట్లు మనసులోనే లెక్కపెట్టి చూశాడు. తప్పు లేకపోతే గొంతెందుకు దాచుకుంటాడు అన్నారు. మళ్ళీ పైకి లెక్కపెట్టాడు. చేసేదంతా చేసి మళ్ళీ మొహానే చెబుతున్నాడు, ఎంత ధైర్యం అన్నారు. కింది వీధికి అయిదు నిమిషాలు ఎక్కువ వదిలాడు. దొంగిలించింది తిరిగి పెడుతున్నాడని కింది వీధి, అక్కకు దోచిపెడుతున్నాడని పై వీధి. మళ్ళీ ముప్పావుగంటకే కట్టేశాడు. అదిగో బుద్ధి మారలేదన్నాయి రెండూ. నీళ్ళు బాగా వచ్చిన రోజును ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. సన్నగా వచ్చిన రోజును తేదీతో సహా అందరూ గుర్తుపెట్టుకున్నారు.

గుంట మీద వంగినప్పుడు వెనక మనుషులు నిలబడ్డారని వీపుకే తెలిసేది. గుంట మూడడుగుల లోతు, ఆయన జీవితమంతా అందులోకి దిగిపోయినట్టుండేది.

అలాంటి రోజుల్లో కూడా మంచితనం పూర్తిగా ఇంకిపోలేదు. గుంట ఎదురింటి ముసలమ్మ, వీధి అంతా మాట మానేసినా, గేటు పక్కన అరుగు మీద గ్లాసెడు వేడి టీ మూత పెట్టి ఉంచి లోపలికి వెళ్ళిపోయేది. పలకరిస్తే ఎవరేమనుకుంటారో అని ఆవిడకూ భయమే. టీకి మాత్రం భయం లేదు.

ఇక ఆయన కోపం గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన కూడా మనిషే. ఆ కోపమంతా ఒక్క మనిషి మీదికి చేరింది. కింది వీధి నడిమధ్యలో రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నాడు. ఈ గొడవ మొదలైన వారానికే ఆయన చేతిలో నోటుపుస్తకం కనిపించింది. ఒకరోజు పై వీధి మొదట్లో, ఒకరోజు కింది వీధి చివర, ఏదో ఒక ఇంటి ముందు నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ రాసుకునేవాడు. నీళ్ళన్న ఆ పుస్తకాన్ని చూసిన క్షణమే నిర్ణయానికి వచ్చేశాడు. ఏడాదికి రెండువేల అయిదువందలు అన్న గుణకారం టైర్ల షాపాయన బుర్రలోది కాదు, దీని వెనక లెక్కల మాస్టారే ఉన్నాడు, నేను ఎన్ని నిమిషాలు ఆలస్యం చేసిందీ, ఎక్కడ తుమ్మిందీ అన్నీ రాస్తున్నాడు. మాస్టారు రెండుసార్లు "బాబూ, ఒక్క మాట" అని పిలిస్తే వినపడనట్టు వెళ్ళిపోయాడు. మూడోసారి వీధి మారి నడిచాడు.

"ఆయన పుస్తకంలో ఏముందో చూశారా మీరు?" అంది భార్య.

"చూడక్కర్లేదు. మనిషి వాలకమే చెబుతోంది."

"మీ వాలకం చూసి వాళ్ళూ అంతే చెబుతున్నారు," అంది ఆవిడ, కూరగాయల తొక్కలు కాగితంలో చుట్టి లేస్తూ. ఆయనకు ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా దాన్ని పీకి చూడలేదు.

తర్వాత వాల్వు విరిగిన రోజు వచ్చింది.

ఆ ఉదయం టైర్ల షాపాయనతో పది పదిహేనుమంది కింది వీధి గుంట దగ్గర చేరారు. ఇవాళ్టి నుంచి మాకూ పద్దెనిమిది తిప్పాలి అన్నారు. తిరగదని నీళ్ళన్న మొరపెట్టుకున్నాడు. పదకొండు తిప్పి చూపించాడు, తాళం బిగుసుకుంది, చూడండి అన్నాడు. నువ్వు ఆపావు కాబట్టి ఆగింది అన్నారు. తాళం ఆయన చేతిలోంచి తీసుకున్నారు, లాక్కోలేదు, మర్యాదగానే తీసుకున్నారు. టైర్ల నట్లు విప్పే బలమైన చేతులు నాలుగు కమ్మీ మీద పడ్డాయి. అందరూ కలిసి పైకి లెక్కపెట్టారు. "పన్నెండు" అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. "పదమూడు" అనబోతుండగా గుంటలో ఠక్కుమంది. తాళం ఉన్నట్టుండి తేలికై గిర్రున తిరిగింది. పద్నాలుగు, పదిహేను, పద్దెనిమిది వరకూ సులువుగా తిరిగింది, ఇంకా ఎంతైనా తిరిగేది. పలకను ఎత్తే మర కడ్డీ విరిగింది. పైకి లేచి ఉన్న పలక కిందికి జారి దారి మూసేసింది. సమానత్వం వచ్చిన ఆ నిమిషంలోనే కింది వీధి కుళాయిలన్నీ ఆగిపోయాయి.

అందరూ గుంటలోకి వంగి చూశారు. ఇప్పుడైనా అర్థమవుతుందేమో అని నీళ్ళన్న ఆశగా మొహాలు చూశాడు. అప్పుడు ఎవరో నెమ్మదిగా అన్నారు, "ముందే సగం కోసి ఉంచాడు. మన చేతుల్లో విరగాలని." ఆ మాట విన్న మొహాలన్నీ తేలికపడ్డాయి. తమ చేతులతో విరగ్గొట్టిన బాధ వాళ్ళ మీద నుంచి దిగిపోయి, నీళ్ళన్న భుజం మీదికి ఎక్కింది.

మధ్యాహ్నానికి రెండు కాగితాలు నీటి ఆఫీసుకు చేరాయి. ఒకటి కింది వీధిది, ఒకటి పై వీధిది. రాసిన కారణాలు ఒకదానికొకటి పొసగవు. అడిగింది మాత్రం ఒక్కటే: నీళ్ళన్న దగ్గర నుంచి తాళం తీసుకోవాలి. ఆదివారం పొద్దున వార్డు ఆఫీసు హాల్లో ఇంజినీరు రెండు వీధుల మాటా విని తేలుస్తానన్నాడు. తాళం పోతే జీతం పోతుందనే బాధ ఉంది, కానీ అంతకంటే పెద్దది ఒకటుంది. దొంగ అని చెప్పి తీసేసిన మనిషి ఏ వీధిలో తలెత్తి నడుస్తాడు? రోజూ తన నోటితో అందరికీ అందనీ అన్న మనిషికి అది ప్రాణం పోవడం కంటే తక్కువేమీ కాదు.

కొత్త వాల్వు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన ట్యాంకు దగ్గర డబ్బాలు నింపి, తోపుడుబండి మీద కింది వీధికి తోలాడు. పాపభీతి అన్నారు కొందరు. డబ్బా మాత్రం అందరూ తీసుకున్నారు. మలుపు దాటి వీధి చివరికి, వీధిని మూసే గోడను ఆనుకుని ఉన్న అక్క ఇంటికి వచ్చేసరికి చివరి రెండు డబ్బాలు మిగిలాయి. అక్క తలుపు తీసి, అవి ఇక్కడ దించకురా, ముందు పక్కింట్లో ఇవ్వు, అంది. పక్కింట్లో ఇచ్చాను అన్నాడు. అయితే పెరట్లోకి తీసుకురా అంది, అన్నాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వద్దు ఇక్కడే పెట్టు అంది. అప్పటికే ఆయన డబ్బాతో పెరట్లోకి నడిచాడు.

అక్క ఇంటికి వస్తే ముందు గదిలో కుర్చీ, చేతికి నిండు గ్లాసు నీళ్ళు. పెరట్లోకి వెళ్ళే పని ఆయనకు ఎన్నడూ పడలేదు. అక్కడ కుళాయి గోడకు లేదు. నేలలో గుంట తవ్వి ఉంది, మోకాలి లోతు. కుళాయి ఆ గుంట అడుగున ఉంది. దిగడానికి రెండు మెట్లు, మెట్ల అంచులు ఏళ్ళ తరబడి పాదాలు తగిలి నున్నగా అరిగి ఉన్నాయి. నీళ్ళ పని చేసేవాడికి దానికి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళు పైకి ఎక్కలేని చోట కుళాయినే కిందికి దించుతారు. ఆయన పక్కింటి గోడ మీదుగా తొంగి చూశాడు. అక్కడా గుంటే. దాని పక్కదాంట్లోనూ గుంటే.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

అక్క డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని, "తొమ్మిదేళ్ళ కిందట నువ్వు కొత్త వాల్వు వేశాక ఇంకొన్నాళ్ళకి," అంది.

"ఒక్క మాట చెప్పలేదేంటక్కా?"

"చెబితే నువ్వు ఏదో ఒకటి చేస్తావు. చేస్తే అక్క కోసం చేశాడంటారు. నాకు సగం నీళ్ళు చాలురా. మీ బావ పోయాక నాకెంత కావాలి? నీ పేరు పాడవకుండా ఉంటే చాలు."

నీళ్ళన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. నీళ్ళు సమానంగానే వస్తున్నాయి, నాదీ పూచీ అని సెలూన్‌లో అన్న మాట చెవుల్లో మోగింది. పదకొండు చుట్లు తిప్పితే వాల్వు పూర్తిగా తెరుచుకుంటుందని ఆయనకు తెలుసు. వదిలిన నీళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో తొమ్మిదేళ్ళలో ఒక్కరోజూ నడిచి చూడలేదు. వాళ్ళూ చుట్లే లెక్కపెట్టారు, తనూ చుట్లే లెక్కపెట్టాడు. బకెట్ లెక్కపెట్టింది ఎవరు?

"ఆ మాస్టారు," అంది అక్క, ఆయన మనసులో మాట విన్నట్టే. "అప్పుడప్పుడూ వచ్చి ఈ బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతోందో రాసుకుంటాడు. నీ గురించి రాస్తున్నాడని నువ్వనుకుంటున్నావట. పాపం, కుళాయి ఆగిన రోజు తన ఇంట్లో దాచుకున్న డ్రమ్ములోంచి నాకు రెండు బకెట్లు మోసుకొచ్చి పెట్టాడు. ఆ వయసులో."

ఆ సాయంత్రం నీళ్ళన్న మాస్టారి తలుపు కొట్టాడు. మాస్టారు ఏమీ దెప్పలేదు, ఇన్నిసార్లు పిలిస్తే రాలేదేమని అడగలేదు. కుర్చీ జరిపి, దీపం దగ్గరికి లాగి పుస్తకం చూపించాడు. ఒకే బకెట్, ఒకే గడియారం, నలభై రోజులు. పై వీధి మొదటి ఇంట్లో నలభై సెకన్లు, చివరి ఇంట్లో యాభై. కింది వీధిలో మలుపు దాకా నలభై అయిదు. మలుపు దాటగానే రెండున్నర నిమిషాలు, ఆ చివరి దాకా అంతే. మలుపు తర్వాత పైపు చాలా పాతది, లోపల తుప్పు గడ్డకట్టి సన్నబడిపోయి ఉంటుందని ఆయన అంచనా.

"నీ చుట్లూ సరైనవే నాయనా. వాళ్ళ కరువూ నిజమే," అన్నాడు మాస్టారు. "ఆ రెంటికీ సంబంధమే లేదు. ఆ ముక్క వినేవాళ్ళు లేరు. నీళ్ళు తక్కువొచ్చాయంటే నువ్వు దొంగవని ఒప్పుకున్నట్టేననీ, నువ్వు దొంగవి కాదంటే నీళ్ళు తక్కువ రాలేదన్నట్టేననీ అనుకుంటున్నారు."

నీళ్ళన్న చేతులు జోడించాడు. మిమ్మల్ని తప్పుగా అనుకున్నానని చెప్పాలనుకున్నాడు. మాస్టారు ఆ మాట చెప్పించుకోకుండానే గుమ్మం దాకా వచ్చి, మెట్టు విరిగింది జాగ్రత్త అని చెయ్యి పట్టుకుని దించాడు.

ఆదివారం హాల్లో కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. పై వీధి ఒక పక్క, కింది వీధి ఒక పక్క. మధ్యలో దారి ఎవరూ గీయకుండానే ఏర్పడింది. తాళాన్ని ఇంజినీరు బల్ల మీద అడ్డంగా పెట్టారు. నీళ్ళన్నకు కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. కిటికీకి ఊచలు ఉన్నాయి. ఏ మొహంలోనూ చోటు దొరక్క, చూపు ఆ ఊచల మీదే పెట్టుకుని కూర్చున్నాడు. కింది వీధి ఆడవాళ్ళ వరసలో చివర్న అక్క ఉంది.

మాస్టారు లేచి తన లెక్క చదివాడు. చదువుతున్నంతసేపూ రెండు పక్కలవాళ్ళూ తమకు పనికొచ్చే అంకె కోసం ఎదురుచూశారు. కింది వీధి చివరి ఇళ్ళలో రెండున్నర నిమిషాలు అనగానే టైర్ల షాపాయన లేచి, నేను చెప్పలేదా అన్నాడు. దానికి చుట్లతో సంబంధం లేదు అనగానే మందుల షాపాయన లేచి, నేను చెప్పలేదా అన్నాడు. ఇంజినీరు ఇద్దరినీ కూర్చోమన్నాడు. ఆయన తొందరలో ఉన్నా బుద్ధిమంతుడు. పై వీధి పాత వాల్వునూ, కింది వీధిలో విరిగిన వాల్వునూ ఉదయమే స్వయంగా చూసి వచ్చాడు. చుట్ల తేడా మరల తేడానే, విరిగిన కడ్డీ మీద కోత ఏమీ లేదు, నీళ్ళు వదిలే ఆయన తప్పు లేదు, తాళం ఆయన దగ్గరే ఉంటుంది అన్నాడు. మలుపు తర్వాత పైపు మారుస్తాం, ఎన్ని ఇళ్ళు అని అడిగాడు.

"ఎనిమిది," అన్నాడు మాస్టారు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఇంజినీరు కాగితం మీద ఎనిమిది అని రాశాడు. ఎనిమిదో ఇంటి దాకా కొత్త పైపు పడుతుందని పైకి చదివాడు. పై వీధి పక్క నుంచి ఎవరో, ఎనిమిదేగా, ఆ చివరి ఇల్లు లేదుగా, అయితే పర్లేదు అన్నారు. కింది వీధి పక్క కూడా తలలు ఆడాయి. ఇన్ని వారాల్లో మొదటిసారి హాల్లో రెండు పక్కలా ఒకే రకమైన గాలి వీచింది. ఎవరో నీళ్ళన్న భుజం తట్టారు. ఆ చెయ్యి నిజంగానే ప్రేమగా తట్టింది.

మలుపు తర్వాత ఇళ్ళు తొమ్మిది. నీళ్ళన్న తిరిగి చూశాడు. అక్క నేల చూపులు చూస్తోంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, ఎంతసేపైనా తుడుస్తూనే ఉన్నాడు. నలభై రోజులు ఒక్క సెకను కూడా తప్పు రాయని మనిషి, అక్క వెళ్ళి బతిమాలితే, ఒక ఇంటిని లెక్కలోంచి తీసేశాడు. అది ఆయన మంచితనమే. అక్కదీ మంచితనమే. ఆ ఇద్దరి మంచితనం మధ్య నీళ్ళన్నకు ఊపిరి అందలేదు. ఊరుకుంటే తాళం ఉంటుంది, పేరు ఉంటుంది, అక్క మిగిలిన జీవితమంతా ఆ గుంటలోకి దిగి సగం బకెట్ మోస్తుంది. నోరు విప్పితే, ఇదంతా సొంత అక్క కోసం ఆడిన నాటకమని రెండు వీధులూ అంటాయి. ఆ మాట ఎవరు మొదలుపెడతారో, ఏ గోడ మీద రాస్తారో కూడా ఆయనకు తెలుసు.

ఇంజినీరు సంతకం కోసం కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. అక్క తల ఎత్తి, కనపడీ కనపడకుండా అడ్డంగా ఊపింది.

నీళ్ళన్న లేచాడు. కుర్చీ గచ్చు మీద గీసుకుని చప్పుడైంది, అందరూ అటు చూశారు. దారి మధ్యలోంచి నడిచి మాస్టారి కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు, కానీ హాలు అంత నిశ్శబ్దంగా ఉండేసరికి చివరి గోడ దాకా వినిపించింది.

"మాస్టారూ, ఒక్క సాయం చేసిపెట్టండి. సంతకం పడకముందే ఆ ఎనిమిది కొట్టేసి తొమ్మిది అని రాయించండి. తొమ్మిదో ఇల్లు ఎవరిదని అడుగుతారు. మా అక్కదని అది కూడా మీ చేత్తోనే రాసేయండి."